విస్తరణ ప్రాజెక్టు ప్రణాళికలో అవసరాల సేకరణ: పద్ధతుల ఎంపిక

విస్తరణ ప్రాజెక్టు ప్రతిపాదన రూపొందించే సందర్భంలో సాధారణంగా మొదట సిద్ధమయ్యేది ప్రశ్నావళి. ఎవరి నుండి ఏ విషయం తెలుసుకోవాలో నిర్ణయించక ముందే సాధనం ఖరారవుతుంది. ఫలితంగా అడగడానికి సులువైన విషయాలు ప్రతిపాదనలో చేరి, నలుగురిలో చెప్పలేని అవసరాలు వెలుపలే మిగిలిపోతాయి. అటువంటి ప్రాజెక్టు సకాలంలో పూర్తయినా ఉద్దేశించిన రైతుకు చేరదు.

వ్యాపార విశ్లేషణలో అవసరాలను రాబట్టడం ఒక ప్రత్యేక దశ. ముఖాముఖి, బృంద చర్చ, క్షేత్ర పరిశీలన, రికార్డుల అధ్యయనం, సర్వే, నమూనా ప్రదర్శన ఇందులోని ముఖ్య పద్ధతులు. ఇవన్నీ విస్తరణ శాస్త్రవేత్తలకు పరిచితమైనవే. అయితే ఏ సందర్భానికి ఏది తగినదో తేల్చుకోవడంలోనే ప్రణాళిక నాణ్యత ఆధారపడి ఉంటుంది. ఇందుకు మూడు ప్రశ్నలు తోడ్పడతాయి.

సమాచారం మాటలో ఉన్నదా, పనిలో ఉన్నదా?

శ్రీ పద్ధతి వరి సాగులో కోనోవీడర్ ఉపయోగమా అని కుటుంబ యజమానిని అడిగితే ఉపయోగమేనన్న సమాధానం రావచ్చు. ఆ పరికరాన్ని బురద మడిలో ఎవరు నెడుతున్నారు, ఎంతసేపటికి అలసిపోతున్నారు అన్నది గట్టు మీద నిలబడి చూస్తేనే తెలుస్తుంది. కలుపు తీసే మహిళల శ్రమ వంటి విషయాలలో పరిశీలన, నమూనా పరికరంతో ప్రయోగం ప్రశ్నావళి కన్నా నమ్మదగినవి.

చెప్పేటప్పుడు ఎవరు వింటున్నారు?

పంటల క్యాలెండర్, గ్రామ వనరుల పటం, సమస్యల ప్రాధాన్య క్రమం వంటివి బృందంలో చక్కగా రూపొందుతాయి. ఒకరు మరచినది మరొకరు గుర్తు చేస్తారు. కానీ కౌలు, అప్పు వంటి అంశాలకు బృంద చర్చ తగదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం సాగు హక్కు పత్రాన్ని భూయజమానితో కుదిరే ఒప్పందానికి ముడిపెట్టింది. అదే భూయజమాని కూర్చున్న సభలో కౌలు రైతు తన ఇబ్బందిని ఎట్లా చెప్పగలడు? ఇక్కడ విడిగా జరిపే ముఖాముఖియే మార్గం. రికార్డులలో పట్టాదారు పేరు మాత్రమే ఉన్నచోట వాటి ఆధారంగా ఎంపిక చేసిన నమూనాలో అసలు సాగుదారుడే ఉండకపోవచ్చు.

కావలసినది సంఖ్యా, కారణమా?

ఎంత మంది, ఎన్ని ఎకరాలు అన్న వాటికి సర్వే అవసరం. ఒక రకాన్ని రైతులు ఎందుకు వదిలివేశారన్న దానికి సంభాషణ కావాలి. ముందు సంభాషణ జరిపి, అందులో తేలిన కారణాలతో ప్రశ్నావళి తయారుచేస్తే రెండూ పరస్పరం బలపడతాయి.

పద్ధతితో పాటు సమయం, స్థలం కూడా ఫలితాన్ని మారుస్తాయి. అధికారుల పర్యటనలు రోడ్డు పక్క గ్రామాలకు, వానలు లేని కాలానికి, స్థితిమంతులైన పురుషులకు పరిమితమవుతున్నాయని రాబర్ట్ ఛాంబర్స్ 1983లోనే ఎత్తిచూపారు. ఇక్రిశాట్ 1975లో ప్రారంభించిన గ్రామస్థాయి అధ్యయనాలు ఈ లోపానికి ఒక సమాధానం. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని డోకూర్ వంటి గ్రామాలలో పరిశోధకులు నివాసముండి, భూమిలేని కుటుంబాలతో సహా అవే కుటుంబాలను పదేపదే కలిసి వివరాలు నమోదు చేశారు.

అంత వ్యవధి ప్రతి ప్రాజెక్టుకూ లభించదు. అయినా ఒకే విషయాన్ని కనీసం రెండు పద్ధతులలో సరిచూడటం, ఒక పర్యటననైనా పనుల రద్దీ కాలంలో జరపడం సాధ్యమే. ఎంచుకున్న పద్ధతికి కారణాన్నీ, దాని ద్వారా ఎవరి మాట వినబడలేదన్న విషయాన్నీ ప్రతిపాదనలోనే నమోదు చేయాలి. అప్పుడు ఆ లోటును అమలు దశకు ముందే పూరించే అవకాశం మిగులుతుంది.