మేక, మ్యాక

తార్నాక కూడలి పేరులో ఉన్నది ఉర్దూ 'నాకా'. అంటే వచ్చేపోయేవారిని తనిఖీ చేసే చోటు. ఉర్దూలో చివరి అచ్చు దీర్ఘం. తెలుగువారి నోట అది హ్రస్వమయింది. కూడలి ప్రక్కనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో కొంతసేపు నిలబడితే ఇటువంటి అచ్చుల మార్పులు ఎన్నో చెవిని పడతాయి. నల్లగొండ పల్లె నుండి వచ్చిన విద్యార్థి 'మ్యాక' అంటాడు. గుంటూరు నుండి వచ్చినవాడు 'మేక' అంటాడు. మొదటివాడు బడిలో ఆ ఒక్క మాటకే నవ్వులపాలయి, నలుగురిలో నోరు విప్పడమే తగ్గించుకొని ఉండవచ్చు. ఇంతకూ అతడు చేసిన తప్పేమిటి?

అతని మాటలను కొన్నింటిని ఒకచోట వ్రాసి చూడాలి. మేక 'మ్యాక', నేల 'న్యాల', మేడ 'మ్యాడ', బేరం 'బ్యారం', వేప 'యాప' అవుతున్నవి. ఏకారమంతా ఇట్లా మారుతుందనుకుంటే పొరపాటు. పేరు, తేలు, మేలు, వేరు అనే మాటలను అతడు మార్చడు. 'ప్యారు' అనడు, 'త్యాలు' అనడు. ఈ భేదానికి కారణం తరువాతి అక్షరంలో ఉన్నది. అక్కడ అకారం ఉంటే ఏకారం విశాలమవుతుంది. ఉకారమో ఇకారమో ఉంటే మారదు. ఓకారానిదీ ఇదే దారి. తోట 'త్వాట', తోక 'త్వాక', గోడ 'గ్వాడ' అయినవి. కోడి, నోరు మాత్రం మారలేదు. ఎవరూ నేర్పకుండానే పల్లెలోని పిల్లలందరూ పాటించే నియమం ఇది. దీనిని అజాగ్రత్త అనడం తగదు.

ఈ నియమం నోటి కదలికలోనే పుట్టింది. అకారానికి దవడ క్రిందికి దిగాలి. ఇ, ఉ లకు పైకి ఉండాలి. మాట్లాడేవాడు ఒక అక్షరం ముగించి, ఆగి, రెండవదానికి సిద్ధపడడు. 'మే' పలుకుతూ ఉండగానే దవడ రాబోయే 'క' లోని అకారం కోసం దిగడం మొదలుపెడుతుంది. గడ్డం క్రింద బొటనవేలు ఆనించి 'మేలు' అని, వెంటనే 'మేక' అని పలికి చూడవచ్చు. గుంటూరు విద్యార్థి పలికినా రెండవసారి దవడ కొంచెం ఎక్కువగా దిగుతుంది. అతని 'మేక'లోని ఏకారమూ 'మేలు'లోని ఏకారమూ అచ్చంగా ఒకటి కావు. నల్లగొండ వాడు అదే దారిలో ఇంకొంత దూరం వెళ్ళాడు, అంతే.

చెవిని నమ్మనివారు యంత్రంతో కొలవవచ్చు. కంఠం నుండి వచ్చే ధ్వనిలో కొన్ని కంపనాలను నోటిలోని గాలి అనునాదం వల్ల బలపరుస్తుంది. వయోజనుడైన పురుషుని గొంతులో మొదటి అనునాదం ఈకారానికి సెకనుకు సుమారు 300 కంపనాల దగ్గర, ఆకారానికి సుమారు 700 దగ్గర ఉంటుంది. దవడ దిగిన కొద్దీ ఈ సంఖ్య పెరుగుతుంది. ఏకారం రెండింటికీ నడుమ ఉంటుంది; 'మ్యాక'లోని అచ్చు దానికంటె ఆకారానికి దగ్గర.

ఈ అచ్చుకు మన లిపిలో అక్షరం లేదు. అందుకే యకారపు వత్తును ఎరువు తెచ్చుకొని 'బ్యాంకు', 'బ్యాటు' అని వ్రాస్తున్నాము. ఇక్కడొక వింత ఉన్నది. 'మ్యాక'ను విని నవ్వే కోస్తా జిల్లాల వారిలో ఎందరో 'వచ్చాడు' అని వ్రాసి, పలికేటప్పుడు నడిమి దీర్ఘాన్ని సరిగా ఈ అచ్చుతోనే పలుకుతారు. తెలంగాణ విద్యార్థి 'వచ్చిండు' అంటాడు కనుక అతనికి ఆ మాటలో దీనితో పనే లేదు.

రాబోయే అకారం ముందరి అచ్చును క్రిందికి లాగడం నిన్న మొన్న మొదలయింది కాదు. తమిళంలో 'ఉడల్' అనే మాట తెలుగులో 'ఒడలు'. తమిళ 'పుగై' మనకు 'పొగ', కన్నడిగులకు 'హొగె'. దక్షిణాది భాషలలో ఇ-ఎ, ఉ-ఒ లు ఇట్లా తారుమారు కావడానికి తరువాతి అకారమే కారణమని భద్రిరాజు కృష్ణమూర్తి 1958లో ఒక వ్యాసంలో నిరూపించారు. 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ ఏర్పడినప్పుడు దాని తొలి ఆచార్యులు ఆయనే. అదే సంవత్సరం ఆయన సంపాదకత్వంలో వెలువడిన వ్యవసాయ పదకోశానికి మాటలు రైతుల నోటి నుండే సేకరించారు. ఇంగ్లీషులో 'మ్యాన్' బహువచనంలో 'మెన్' కావడమూ ఇటువంటిదే. అక్కడ ఒకప్పుడు చివర ఉండి తరువాత లుప్తమయిన ఇకారం ముందరి అచ్చును పైకి లాగింది.

వ్రాతలో 'మేక' అనే నేర్పాలి. పుస్తకాలన్నీ ఆ విధంగానే ఉన్నవి. పలుకుబడి సంగతి వేరు. దానిని దిద్దబోయే ముందు ఉపాధ్యాయుడు తరగతిలోని ఇళ్ళ మాటలను నల్లబల్లపై వ్రాయించి, నియమాన్ని పిల్లలచేతనే పట్టించవచ్చు. అప్పుడు ఎవరో ఒకరు 'ద్యావుడు' అనక మానరు. అక్కడ ఏకారం తరువాత ఉన్నది ఉకారం. నియమం ప్రకారం 'దేవుడు' మారకూడదు. ఆ మాటను నల్లబల్లపై విడిగా ఒక మూల వ్రాసి ఉంచడం మంచిది.