వేడి చాలని చెప్పే పెట్టె

ఎనిమిదో తరగతికి ఉష్ణం పాఠం చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. "సార్, గుడ్డుకు కావాల్సింది ముప్పై ఏడున్నర డిగ్రీలే కదా! మే నెలలో మన బిట్రగుంట ఎండే అంతకంటే ఎక్కువ. గుడ్లు ఎండలో పెడితే పిల్లలు కావా?"

నవ్వేసి ఊరుకునే ప్రశ్న కాదిది. గుడ్లు పొదిగించే పెట్టె, అంటే ఇంక్యుబేటరు కథంతా ఇందులోనే ఉంది. వేడి పుట్టించడానికి ఎండ చాలు, బల్బు చాలు, పేడకుప్ప అయినా చాలు. కష్టమల్లా దాన్ని సమయానికి ఆపడంలోనే. గుడ్డులోని పిండం కాసేపు చల్లబడితే ఓర్చుకుంటుంది. కొన్ని గంటలు నలభై దాటి వేడెక్కితే మాత్రం బతకడం కష్టం.

బాతు గుడ్లకైతే ఈ పెట్టె అవసరం మరీ ఎక్కువ. కోతలయ్యాక నెల్లూరు మళ్లలో బాతుల మందలు దిగడం మనందరం చూసేదే. గుడ్లు పెట్టడంలో బాతులు దిట్టలు, పొదగడం దగ్గరికొచ్చేసరికి బద్ధకస్తులు. ఖాకీ క్యాంప్‌బెల్ లాంటి జాతులకైతే గుడ్ల మీద కూర్చునే బుద్ధే దాదాపు పోయింది. అందుకే ఊళ్లలో బాతు గుడ్లను నాటుకోడి కింద వేస్తారు. కోడిపిల్లకు 21 రోజులు చాలు, బాతుపిల్లకు 28 కావాలి. ఆ చివరి వారమంతా కోడి ఓపిక మీదే భారం.

ఈజిప్టులో వేల ఏళ్ల కిందటే మట్టి ఇటుకల పొయ్యిల్లో వేల గుడ్లు పొదిగించారు. అక్కడ థర్మామీటరు లేదు. పనివాడు గుడ్డు తీసి తన కనురెప్పకు ఆనించుకుని వేడి సరిపోయిందో లేదో చెప్పేవాడు. ఆ కనురెప్ప పనిని వస్తువు చేత చేయించిన తొలివారిలో డచ్చివాడు కోర్నెలిస్ డ్రెబెల్ ఒకడు. థేమ్స్ నదిలో జలాంతర్గామి నడిపింది కూడా ఆయనే. 1620ల నాటి ఆయన పొయ్యిలో ఒక గాజుగొట్టం నిండా సారాయి, దాని చివర పాదరసం ఉండేవి. వేడెక్కిన సారాయి వ్యాకోచించి పాదరసాన్ని తోసేది, పాదరసం ఒక కడ్డీని లేపేది, కడ్డీ నిప్పుకు గాలి అందే కంతను మూసేది. గాలి తగ్గితే నిప్పు మందగించేది. చల్లబడితే కంత మళ్లీ తెరుచుకునేది. మనిషి చెయ్యి పడకుండా యంత్రం తన తప్పును తానే దిద్దుకోవడమంటే ఇదే.

నాకు అంతకంటే ముద్దొచ్చేది 1881లో ఇంగ్లండులో చార్లెస్ హియర్సన్ తెచ్చిన రేకు బిళ్ల. రెండు పల్చటి లోహపు రేకుల అంచులు అతికి, మధ్యలో ఈథరూ ఆల్కహాలూ కలిపిన ద్రవం కొన్ని చుక్కలు పోశాడు. అంతే. ద్రవం వ్యాకోచించడం చాలా తక్కువ, అందుకే డ్రెబెల్‌కు అంత గొట్టం కావలసి వచ్చింది. హియర్సన్ వ్యాకోచాన్ని వదిలేసి మరగడాన్ని పట్టుకున్నాడు. ఈథరు ఒక్కటే అయితే 34.6 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆల్కహాలు 78 దగ్గర. పాళ్లు మారిస్తే గుడ్డుకు కావలసిన వేడి దగ్గరే మరిగే మిశ్రమం దొరుకుతుంది. అంతవరకూ బిళ్ల కదలదు. ఆ గీత దాటగానే ఆవిరి పుట్టి ఒక్కసారిగా ఉబ్బుతుంది, పైనున్న మీటను లేపుతుంది, మీట దీపపు పొగగొట్టం మూత ఎత్తుతుంది. గుడ్లపై ఉన్న నీటితొట్టిలోకి పోవాల్సిన వేడి నేరుగా బయటికి పోతుంది. బిట్రగుంట లోకో షెడ్డులో ఆవిరి ఇంజన్లు నిలిచిన రోజుల్లో, ఒత్తిడి హద్దు దాటగానే వాటి సేఫ్టీ వాల్వు చేసిన పనీ ఇలాంటిదే.

ఈ బిళ్లకు ఒక బలహీనత ఉంది. మరిగే ఉష్ణోగ్రత గాలి ఒత్తిడిని బట్టి మారుతుంది. కార్తీకంలో మన తీరానికి తుపాను వచ్చి ఒత్తిడి 30 మిల్లీబార్లు పడిపోయిందనుకోండి. లెక్క కడితే ద్రవం దాదాపు ఒక డిగ్రీ ముందే మరుగుతుంది, పెట్టె ఆ మేరకు చల్లబడుతుంది. దానికీ మందు ఉంది. మీట మీద జరిపే చిన్న బరువు బిళ్లను నొక్కుతుంది. బరువు కాస్త జరిపితే మరిగే గీత మళ్లీ పైకి పోతుంది. దీపంతో నడిచేది కాబట్టి కరెంటు కోత బెడదే లేదు.

ఆ రోజుల నుంచి కథ త్వరగా నడిచింది. కోళ్ల పెట్టె చూసిన స్టెఫాన్ తార్నియే అనే వైద్యుడు 1880 ప్రాంతంలో ప్యారిస్ ప్రసూతి ఆసుపత్రిలో నెలలు నిండని పసికందులకు అలాంటిదే పెట్టించాడు. కరెంటు వచ్చింది, ఫ్యాన్లు వచ్చాయి. ఇప్పుడు థర్మోకోల్ డబ్బాలో బల్బు, కంప్యూటరు ఫ్యాను, చిన్న థర్మోస్టాట్ బోర్డు పెట్టుకుంటే ఇంట్లోనే యంత్రం సిద్ధం. రేకు బిళ్ల స్థానంలో మిరియం గింజంత థర్మిస్టరు. సాధారణంగా దొరికే రకానికి 25 డిగ్రీల దగ్గర పది కిలో ఓమ్‌ల నిరోధం ఉంటే, 37.5 దగ్గర ఆరు లోపుకు దిగుతుంది. బోర్డు ఆ మార్పు చదివి బల్బు ఆర్పుతుంది.

వేడి తర్వాత బాతు గుడ్డు అడిగేది తేమ. పొదిగే కాలంలో గుడ్డు బరువులో సుమారు ఎనిమిదో వంతు నీరు ఆవిరైపోవాలి. ఆ జాగాలోనే మొండి కొసన గాలి గది పెరుగుతుంది, పిల్ల తొలి శ్వాస అక్కడే తీసుకుంటుంది. సముద్రం పక్క ఊరు, తేమకేం లోటని అనుకోవద్దు. 30 డిగ్రీల దగ్గర 75 శాతం తేమ ఉన్న గాలిని 37.5కు వేడిచేస్తే లెక్క 50 శాతం లోపుకు పడిపోతుంది. బాతుకు 55 నుంచి 60 కావాలి, చివరి మూడు రోజులు 70 దాటాలి. కాబట్టి పెట్టెలో నీళ్ల గిన్నె తప్పనిసరి. మొదటి వారం దాటాక రోజూ కాసేపు మూత తీసి, గోరువెచ్చటి నీళ్లు చిలకరించడం మంచిదంటారు పెంపకందార్లు. పెరిగిన పిండం తానే వేడి పుట్టిస్తుంది, దాన్నీ బయటికి పంపాలి కదా.

ఇక ఆ వెనక బెంచీ ప్రశ్నకు జవాబు. ఎండకు ఆపడం తెలియదు. ఇంట్లో చేసుకునే బల్బు పెట్టెకు ఆపడం తెలుసు గానీ చల్లబరచడం తెలియదు. రోహిణీ కార్తెలో గది 40 దాటితే బల్బు ఆరిపోయినా గుడ్లు ఉడుకుతూనే ఉంటాయి. మీరు మొదలుపెడితే చలికాలంలో పెట్టండి. థర్మిస్టరు గింజను గుడ్ల పైభాగం ఎత్తులో వేలాడదీయండి. బోర్డు చూపే అంకెను గుడ్డిగా నమ్మకుండా, జ్వరం చూసుకునే థర్మామీటరుతో ఒకసారి సరిపోల్చుకోండి. మనిషి ఒంటి వేడీ గుడ్డుకు కావలసిన వేడీ దాదాపు ఒకటే కాబట్టి, ఈ పనికి ఇంట్లో అంతకంటే మంచి కొలత సాధనం దొరకదు.