బడి పాటల బృందాన్ని నడిపించడం: అపోహలు – వాస్తవాలు

ఆగస్టు 15, మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినమైన సెప్టెంబర్ 17, జనవరి 26, మహారాష్ట్ర దినమైన మే 1. నాందేడ్ జిల్లాలో జెండా ఎగిరే రోజులివి. జెండా పండుగంటే బడి పిల్లల పాట ఉండాలి, గొలుసు కర్రలతో ఆడే లేజీమ్ ఉండాలి, వీలున్నచోట బ్యాండు కూడా ఉండాలి. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఈ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. ఆ పిల్లలు బడికొస్తే మరాఠీ. అందరినీ ఒకే శ్రుతికి, ఒకే లయకు తెచ్చే బాధ్యత సంగీతం మాస్టారిది. ఆయన లేనిచోట అది పి.టి. మాస్టారి మీద పడుతుంది. ఈ పని గురించి కొన్ని అపోహలు బాగా పాతుకుపోయాయి. వాటివల్ల నష్టపోయేది పిల్లలే.

అపోహ: బాగా పాడేవాళ్లే బాగా పాడించగలరు.

వాస్తవం: పాడటం ఒక విద్య, పాడించడం ఇంకో విద్య. ఒంటరిగా పాడేవారు తమ గొంతు తాము వింటే సరిపోతుంది. పాడించేవారు మాత్రం నలభై గొంతుల్లో ఏ వరుస శ్రుతి జారుతోందో, ఏ వరుస తొందరపడుతోందో పట్టుకోవాలి. పట్టుకున్నది పిల్లలకు అర్థమయ్యేలా రెండు ముక్కల్లో చెప్పాలి. జాతీయ గీతాన్నే చూడండి. పూర్తిగా పాడటానికి పట్టేది సుమారు 52 సెకన్లు. స్వరాలు మాత్రం మంద్ర నిషాదం నుంచి తార షడ్జం దాకా, అంటే ఒక స్థాయికి కాస్త ఎక్కువే, విస్తరించి ఉంటాయి. మాస్టారు తన గొంతుకు హాయిగా ఉందని బాగా కింద ఎత్తుకుంటే చిన్నపిల్లలకు కింది స్వరాలు అందవు. ఉత్సాహంగా బాగా పైన ఎత్తుకుంటే చివర్లో పాట అరుపైపోతుంది. పిల్లలకు అనువైన శ్రుతిని హార్మోనియం మీద ముందే వెతికి, దాన్ని అందరిచేతా మెల్లగా పలికించి, ఆ తర్వాతే పాట ఎత్తుకోవాలి. నాయకత్వం అక్కడే మొదలవుతుంది.

అపోహ: కసిరితేనే పిల్లలు దారికొస్తారు.

వాస్తవం: కసిరితే నోళ్లు మూతపడతాయి గానీ చెవులు తెరుచుకోవు. భయపడ్డ పిల్లల భుజాలు బిగుస్తాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది, గొంతు పీలగా వస్తుంది. పాటకు కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. “బాగా రాలేదు, మళ్లీ పాడండి” అంటే ఏం మార్చుకోవాలో ఎవరికీ తెలియదు. “రెండో చరణం తొందరగా ఎత్తుకున్నారు, ఈసారి తబలా దెబ్బ విన్నాక ఎత్తుకోండి” అంటే వెంటనే దిద్దుకుంటారు. ఒక్కసారికి ఒక్క తప్పే చెప్పాలి. తప్పును వరుసకు చెప్పాలి, పిల్లవాడి పేరు పెట్టి అందరి ముందూ నిలదీయకూడదు. సరిచేసుకున్న మరుక్షణమే “ఇప్పుడు కలిసింది” అని చెప్పడం మరిచిపోకూడదు.

అపోహ: ఢోలు గట్టిగా వాయిస్తే మైదానంలో అందరూ కలుస్తారు.

వాస్తవం: ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. ఢోలుకు 34 మీటర్ల దూరంలో నిలబడ్డ పిల్లలకు దెబ్బ సెకనులో పదోవంతు ఆలస్యంగా వినిపిస్తుంది. నిమిషానికి 120 దెబ్బల నడకలో ఒక్కో దెబ్బకు దొరికేది అర సెకను. అందులో ఐదోవంతు దారిలోనే పోతుంది. లేజీమ్ కర్రకున్న ఇనుప గొలుసు, దానికి గుచ్చిన రేకు బిళ్లలు గల్లుమన్నప్పుడు వెనక వరుసలు వెనకబడినట్టు వినిపించేది అందుకే. పాపం, ఆ పిల్లలు విన్నదాన్ని సరిగ్గానే అనుసరించారు! ఢోలు గట్టిగా వాయించినా ఈ ఆలస్యం తగ్గదు. దాన్ని మైదానం మధ్యకు తేవాలి. మాస్టారు అందరికీ కనపడే ఎత్తులో నిలబడి చేత్తో లయ చూపాలి. పిల్లలకు ఆ చేతిని చూడటం అలవాటు చేయాలి.

అపోహ: పగ్గాలన్నీ నాయకుడి చేతిలోనే ఉండాలి.

వాస్తవం: నాందేడ్‌లో ఇందుకు జవాబు హజూర్ సాహిబ్ గురుద్వారాలోనే దొరుకుతుంది. కీర్తన చేసే రాగీ జథాలో సాధారణంగా ముగ్గురుంటారు: హార్మోనియంతో పాడేవారు ఇద్దరు, తబలా వాయించేవారు ఒకరు. ఎదురుగా నిలబడి చేతులూపేవారు ఎవరూ ఉండరు. ఒకరినొకరు వింటూనే నడుస్తారు. న్యూయార్క్‌లో 1972లో మొదలైన ఆర్ఫియస్ ఛాంబర్ ఆర్కెస్ట్రా సంచాలకుడు లేకుండానే వాయిస్తుంది. ఏ రచన వాయించేటప్పుడు ఎవరు ముందుండాలో వాళ్లే మార్చుకుంటారు. బడిలోనూ వరుసకో నాయకురాలినో నాయకుడినో పెట్టి, నెలనెలా మార్చవచ్చు. మాస్టారు సెలవు పెట్టిన రోజున కూడా సాధన సాగితే ఆయన బాగా నడిపించినట్టు లెక్క.

అపోహ: గొంతు లేని పిల్లలు పెదవులు కదిపితే చాలు.

వాస్తవం: స్వరభేదం బొత్తిగా పట్టుకోలేనివారు చాలా అరుదు. మిగతావారికి కావలసింది సాధన, ఓపిక. పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య మగపిల్లల గొంతు మారుతుంది. ఆ కొన్ని నెలలూ వాళ్లకు అందే స్వరాలే ఇవ్వాలి. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ కోయిర్ నడిపారు. ఎన్.సి.ఇ.ఆర్.టి. సామూహిక గాన కార్యక్రమంలో ఎందరో ఉపాధ్యాయులకు పిల్లలచేత పాడించడం నేర్పారు. పాట ప్రతిభావంతులకే కాదు, అందరికీ అన్నదే ఆ కార్యక్రమ ఉద్దేశం. “నువ్వు పాడకు” అన్న మాట పిల్లవాడికి జీవితాంతం గుర్తుండిపోతుంది.

అపోహ: సంగీతానికి భాష అక్కర్లేదు.

వాస్తవం: రాగానికి అక్కర్లేకపోవచ్చు, సూచనకు కావాలి. బిలోలి తాలూకా శంకర్‌నగర్‌లో జవహర్ నవోదయ విద్యాలయం ఉంది. నవోదయ పద్ధతి ప్రకారం తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లలు ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతపు విద్యాలయానికి మారతారు. అలాంటిచోట ఒకే వరుసలో రెండు మూడు భాషలుంటాయి. 2023లో రాష్ట్ర గీతమైన ‘జయ జయ మహారాష్ట్ర మాఝా’ను తెలుగింటి పిల్లలతో పాడించేముందు అర్థం వాళ్ల భాషలో చెప్పండి, ఉచ్చారణ దిద్దండి. అర్థం తెలిసిన పిల్లల గొంతులో వచ్చే తేడా మీకే వినిపిస్తుంది.

ప్రధానోపాధ్యాయులకు ఒక మనవి. జెండా పండుగకు వారం ముందు హడావుడిగా సాధన పెట్టించకండి. ఏడాది పొడవునా వారానికి రెండు పీరియడ్లు ఇవ్వండి. మాస్టారు నేర్పింది పిల్లల్లో నిలవాలంటే ఆ మాత్రం సమయం ఉండాల్సిందే.