తేటనీటిలోని సీసము

ఇత్తడి పాత్రకు కళాయి పోయినచో మన పెద్దలు దానిలో చింతపండు పులుసు కాచనిచ్చెడివారు కారు. పులుపు తగిలిన ఇత్తడి నుండి రాగి కరగి వంటకములో చేరును. అట్టి పులుసు చిలుము రుచి పట్టి వికారము కలిగించును. ఆ ముప్పును నాలుక వెంటనే పసిగట్టును. కాని నీటిలో కొద్దిగా కరగిన సీసమునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కావుననే అది మిక్కిలి ప్రమాదకరము.

సీసము మెత్తని లోహము, సులభముగా వంగును, ఇనుమువలె త్రుప్పు పట్టదు. అందుచే ప్రాచీన రోమకులు నీటి గొట్టములను దానితో చేసిరి. లాటిన్ భాషలో సీసమునకు 'ప్లంబమ్' అని పేరు. గొట్టములు బిగించువానిని 'ప్లంబర్' అనుట దానివలననే. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దిలోనే విట్రూవియస్ అను రోమక వాస్తుశిల్పి, సీసపు పనివారి దేహములు పాలిపోవుటను గమనించి, మట్టి గొట్టముల నీరే ఆరోగ్యకరమని వ్రాసెను. అయినను పాశ్చాత్య నగరములు ఇరువదవ శతాబ్దివరకును సీసపు గొట్టములను వాడుచునే యుండెను.

అట్టి నగరములలో అమెరికాలోని ఫ్లింట్ ఒకటి. అచ్చటి గొట్టముల లోపల ఏర్పడిన పలుచని పొర, సీసమును చాలవరకు నీటికి తగులనీయకుండెను. 2014 ఏప్రిల్‌లో అధికారులు ఖర్చు తగ్గించు తలంపుతో, డెట్రాయిట్ నుండి వచ్చు నీటిని మాని ఫ్లింట్ నదీజలమును వాడనారంభించిరి. లోహమును తినివేయు గుణము ఆ నీటికెక్కువ. దానిని అణచు మందును వారు కలుపలేదు. రక్షక పొర చెడి, సీసము నీటిలోనికి దిగినది. నీరు ఎఱ్ఱబారినదని ప్రజలు మొఱపెట్టిరి. ఆ రంగు ఇనుప త్రుప్పుది. సీసము మాత్రము కంటికి కనబడలేదు. నీరు క్షేమకరమేయని అధికారులు పలికిరి. ఆ అక్టోబరులో ఒక మోటారు కర్మాగారము, ఇంజను భాగములు త్రుప్పుపట్టుచున్నవని ఆ నీటిని మానివేసినది. పిల్లలు మాత్రము దానినే త్రాగుచుండిరి! 2015 సెప్టెంబరులో మోనా హన్నా-అటీషా అను పిల్లల వైద్యురాలు, శిశువుల రక్తములో సీసము పెరిగినదని లెక్కలతో నిరూపించిరి. మరుసటి నెలలో పాత నీరు మరల వచ్చినది.

సీసము ఎదుగుచున్న మెదడునకు శత్రువు. అది తెలివిని, ఏకాగ్రతను తగ్గించును. మన దేశ ప్రమాణము ప్రకారము లీటరు త్రాగునీటిలో సీసము 0.01 మిల్లీగ్రామునకు మించరాదు. మన ఇండ్లలో సీసపు గొట్టములు అరుదు. అయినను ఇత్తడి కుళాయిలలోను, పాత టంకపు అతుకులలోను, కొన్ని ప్లాస్టిక్ గొట్టములలోను సీసముండవచ్చును. పి.వి.సి. గొట్టములలో దాని వాడుకను అరికట్టుటకు 2021లో భారత ప్రభుత్వము నిబంధనలు చేసినది.

ఇంటిలో చేయదగిన పనులు కొన్ని కలవు. రాత్రియంతయు గొట్టములో నిలిచిన నీటిలో లోహమెక్కువగా చేరును. కనుక ఉదయము కొంతసేపు నీటిని వదలి, పిమ్మట త్రాగుటకు పట్టవలెను. మొదటి నీటిని పారబోయక ఇల్లు కడుగుటకు వాడుకొనవచ్చును. వేడినీరు లోహమును త్వరగా కరగించును. గీజరు నీటిని వంటకు వాడరాదు. నీటిని కాచినచో సూక్ష్మక్రిములు చచ్చును గాని సీసము పోదు. నీరు ఆవిరియైన కొలది దాని పాలు హెచ్చును. గుడ్డతో వడగట్టినను కరగిన లోహము నీటితోనే దిగిపోవును. రివర్స్ ఆస్మోసిస్ యంత్రము సీసమును చాలవరకు తొలగించును. దాని పొరను సకాలములో మార్చవలెను. అనుమానము కలిగినచో నీటిని ప్రయోగశాలలో పరీక్షింపజేయవలెను. సీసమున్న గొట్టమును, కుళాయిని తీసివేయుటయే శాశ్వతమైన చికిత్స.

కళాయి పోయిన పాత్రను పెద్దలు కంటితో గుర్తించిరి. నీటిలోని సీసమును కన్ను గుర్తింపజాలదు, పరీక్షయే గుర్తించును. నీరు తేటగా నుండుట దాని మంచితనమునకు సాక్ష్యము కాదు.