ఐక్యరాజ్య సమితికి రాస్తే పనవుతుందా?

పోయిన రంజాన్‌కు ముందు ఒక సోదరి సొసైటీ ఆఫీసుకు వచ్చింది. భర్త గల్ఫ్‌లో డ్రైవరు. ఐదు నెలలుగా జీతం లేదు, పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉంది. రేషన్ కిట్ కోసం వచ్చిందేమో అనుకున్నాం. ఆమె అడిగింది వేరు. "భాయ్ సాబ్, ఐక్యరాజ్య సమితికి ఉత్తరం రాస్తే పనవుతుందంట కదా, మీరు రాసిపెడతారా?"

మా కమిటీలో ఒక్కరం కూడా అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాం. తర్వాత చదివి, తెలిసిన వకీళ్లను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. మన దాతల్లో చాలామంది ఇళ్ల నుంచి ఎవరో ఒకరు గల్ఫ్‌కు వెళ్లినవారే కనుక ఇది మీకూ పనికొస్తుందని ఆశ.

1948 డిసెంబరు 10న వెలువడిన మానవ హక్కుల ప్రకటన పేరు అందరూ విన్నదే. అందులో మొదటి అధికరణలో పురుషులకే వర్తించేలా ఉన్న మాటను తీయించి 'మానవులందరూ' అని పెట్టించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. అయితే అది ప్రకటన మాత్రమే. దేశాలను కట్టిపడేసేవి ఆ తర్వాత వచ్చిన ఒడంబడికలు. వాటిలో ముఖ్యమైనవి తొమ్మిది. సంతకం పెట్టడం వేరు, ధ్రువీకరించడం వేరు. పెళ్లి మాట ఖాయం చేసుకోవడానికీ నిఖా చదివించుకోవడానికీ ఉన్నంత తేడా ఉంది. ధ్రువీకరించిన దేశమే పూర్తిగా బాధ్యత వహిస్తుంది.

మన దేశం ఆరింటిలో చేరింది. జాతి వివక్షకు వ్యతిరేకమైనది 1968లో, పౌర, రాజకీయ హక్కులది, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులది రెండూ 1979లో, పిల్లల హక్కులది 1992లో, మహిళలది 1993లో, వికలాంగులది 2007లో. చిత్రహింసల నిషేధ ఒడంబడికపై 1997లో సంతకం చేసింది కానీ ఇంతవరకూ ధ్రువీకరించలేదు. బలవంతపు అదృశ్యాలకు వ్యతిరేకమైన దాని సంగతీ అంతే. ఇక వలస కార్మికుల కోసం 1990లోనే ప్రత్యేకంగా ఒక ఒడంబడిక వచ్చింది. ఆ సోదరి భర్తకు కావలసింది అదే. దానిలో భారత్ చేరలేదు. మనవాళ్లు పనికి వెళ్లే ఆరు గల్ఫ్ దేశాల్లో ఒక్కటీ చేరలేదు. శ్రీలంక, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్ వంటి కార్మికులను పంపే దేశాలు చేరాయి. జీతం ఇవ్వవలసిన దేశాలు బయట నిలబడితే ఆ కాగితానికి బలం ఎక్కడిది?

ఒడంబడికల అమలును చూసేందుకు ఒక్కోదానికి ఒక్కో నిపుణుల కమిటీ ఉంటుంది. ఉదాహరణకు పౌర, రాజకీయ హక్కుల కమిటీలో 18 మంది. వారిని దేశాలే ఎన్నుకుంటాయి కానీ వారు తమ ప్రభుత్వం తరఫున మాట్లాడకూడదు. వారికి పోలీసులు లేరు, జైలు లేదు, జరిమానా వేసే అధికారం లేదు. వారు చేసేది ప్రశ్నలు అడగడం. ప్రభుత్వం కొన్నేళ్లకొకసారి నివేదిక పంపాలి. దానితోపాటు స్వచ్ఛంద సంస్థలు కూడా తమకు తెలిసిన నిజాలతో వేరే నివేదిక పంపుకోవచ్చు. తర్వాత జెనీవాలో ప్రభుత్వ ప్రతినిధులను కూర్చోబెట్టి అడుగుతారు, చివరికి ఏది బాగుంది, ఏది బాగాలేదు అని రాసి అందరికీ తెలిసేలా ప్రకటిస్తారు. వినడానికి చక్కగా ఉంది. కానీ ఈ కమిటీ ముందు భారత్ 1997లో కూర్చుంది, మళ్లీ కూర్చున్నది 2024 జులైలో. మధ్యలో ఒక తరం పెరిగి పెద్దదైంది.

ఒక వ్యక్తి నేరుగా ఫిర్యాదు చేసుకునే దారి కూడా ఉంది. అయితే ఆ దేశం దానికి విడిగా ఒప్పుకుని ఉండాలి, ముందు ఆ దేశంలోని కోర్టులన్నీ తిరిగి ఉండాలి. భారత్ ఒప్పుకోలేదు. ఆ దారి మూసుకున్నా, ఐక్యరాజ్య సమితి నియమించిన ప్రత్యేక ప్రతినిధులకు ఎవరైనా రాయవచ్చు. వలసదారుల హక్కులకు 1999 నుంచి ఒకరు ఉన్నారు. ఒడంబడికలో చేరని దేశాన్ని కూడా వారు వివరణ అడగగలరు. జవాబివ్వమని బలవంతం మాత్రం చేయలేరు.

మరి ఇదంతా కంఠశోషేనా? మేమూ మొదట అలాగే అనుకున్నాం. రెండు సంగతులు చదివాక కొంత మనసు మారింది.

మొదటిది మన సుప్రీంకోర్టుది. పనిచేసే చోట మహిళలపై వేధింపులకు దేశంలో చట్టం లేని రోజుల్లో, 1997 నాటి విశాఖ కేసులో న్యాయమూర్తులు మహిళల ఒడంబడికను ఆధారం చేసుకుని నియమాలు తయారుచేశారు. చట్టం వచ్చింది 2013లో. పదహారేళ్లు ఆ నియమాలే చట్టంలా పనిచేశాయి.

రెండోది ఖతార్‌ది. నిర్బంధ శ్రమను నిషేధించే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికను ఖతార్ అప్పటికే ధ్రువీకరించింది. కఫాలా పద్ధతిలో కఫీల్ అనుమతి లేనిదే కార్మికుడు ఉద్యోగం మారలేడు, దేశం విడిచి వెళ్లలేడు. ఇది ఆ ఒడంబడికకు విరుద్ధమని 2014లో ఆ సంస్థ మహాసభలో కార్మిక ప్రతినిధులు ఫిర్యాదు పెట్టారు. మూడేళ్లకు పైగా విచారణ నడిచింది. ప్రపంచ కప్ ఫుట్‌బాల్ దగ్గర పడుతోంది, అందరి కళ్లూ అక్కడే ఉన్నాయి. 2017 నవంబరులో ఖతార్ సంస్కరణలకు ఒప్పుకున్నాకే ఫిర్యాదు ముగిసింది. 2018లో కార్మిక సంస్థ దోహాలో ఆఫీసు తెరిచింది. అదే ఏడాది చాలామందికి ఎగ్జిట్ పర్మిట్ అవసరం తీసేశారు, ఇళ్లలో పనిచేసేవారికి 2020లో తీశారు. ఉద్యోగం మారడానికి కఫీల్ ఒప్పుకోవాలనే షరతు కూడా ఆ ఏడాదే పోయింది. 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1000 రియాళ్లు. యజమాని భోజనం, వసతి ఇవ్వకపోతే వాటికి 300, 500 అదనం. జీతాలు ఎగ్గొట్టేవాళ్లు అక్కడ లేకుండా పోయారని కాదు. కానీ అడగడానికి చట్టంలో ఒక మాట వచ్చింది.

ఇలాంటి ఏ ఫిర్యాదుకైనా బలం కింద నుంచి వస్తుంది. ఎవరికి ఎన్ని నెలల జీతం రాలేదు, పాస్‌పోర్టు ఏ తేదీన తీసుకున్నారు అన్న వివరాలు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రాసిపెట్టి ఉంచాలి. ఆ పని మనమూ చేయగలం.

ఆ సోదరికి జెనీవాకు ఉత్తరం రాయలేదు. ఆమె దగ్గరున్న వీసా కాపీ, అగ్రిమెంటు, భర్త పంపిన వాట్సాప్ మెసేజీలు తేదీల వరుసలో పెట్టి, విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించాం, రాయబార కార్యాలయానికి కూడా రాశాం. రెండున్నర నెలలకు పాస్‌పోర్టు చేతికొచ్చి ఆయన ఇంటికి చేరాడు. ఐదు నెలల జీతంలో రెండు నెలలదే వచ్చింది. మిగతా మూడు నెలల కోసం ఇంకా రాస్తూనే ఉన్నాం.

మీ ఇంటి నుంచి గానీ, మీ మొహల్లా నుంచి గానీ ఎవరైనా గల్ఫ్‌కు బయలుదేరుతుంటే పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు, ఏజెంటుకు కట్టిన డబ్బు రసీదు జిరాక్సులు ఇంట్లో ఒక సెట్టు, మన ఆఫీసులో ఒక సెట్టు ఇచ్చి వెళ్లమనండి. రసీదు ఇవ్వనన్న ఏజెంటు పేరు, డబ్బు కట్టిన తేదీ అయినా రాసివ్వమనండి.