బలం చాలక కాదు, అదుపు తప్పి

"అయ్యగారూ, ఒంట్లో బలం లేకనే కదా నాకీ జబ్బు?"

పరామర్శకు వెళ్ళినప్పుడు ఒక సహోదరి అడిగిన ప్రశ్న ఇది. మొదట ఆమెకు ఒక కన్ను మసకబారింది. కొన్ని నెలలకు కాలు మొద్దుబారింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని నరాల డాక్టరుగారు తేల్చారు. చూడవచ్చిన వారంతా బలానికని ఏదో ఒకటి ఇచ్చి వెళుతున్నారు. వారి అత్తగారు 'రోగనిరోధక శక్తిని పెంచును' అని అచ్చువేసిన పొడి పొట్లం ఒకటి నా చేతిలో పెట్టి, "ఇది మంచిదేనా?" అని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

ప్రియ పాఠకులారా, కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టే మన నరాలకు మైలిన్ అనే పొర ఉంటుంది. ఈ వ్యాధిలో, క్రిములతో పోరాడవలసిన రక్షక కణాలే మెదడులోనికీ వెన్నుపాములోనికీ చొరబడి ఆ పొరను పాడుచేస్తాయి. ఆశ్చర్యమేమంటే, మైలిన్ మీద తిరగబడగల టి కణాలు ఆరోగ్యవంతుల రక్తంలోనూ ఉన్నాయి! మరి వారికి జబ్బు ఎందుకు రాదు?

వాటిని అదుపులో ఉంచే మరికొన్ని కణాలున్నాయి గనుక. వాటిని నియంత్రణ టి కణాలంటారు. 1995లో జపాను శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి ఈ కణాలను వేరుచేసి, మిగిలిన టి కణాలను మాత్రమే కొన్ని ఎలుకలకు ఎక్కించారు. ఎలుకల దేహం తన అవయవాల మీదనే దాడి చేసింది. వేరుచేసిన కణాలను కూడా ఇచ్చినప్పుడు ఆ దాడి ఆగింది. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఫాక్స్‌పి3 అనే జన్యువును కనుగొన్నారు. ఈ కణాలు తయారు కావడానికి అదే ఆధారమని తరువాత తేలింది. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక మన సహోదరి జబ్బు సంగతి. 2004లో బోస్టన్‌లో డేవిడ్ హేఫ్లర్ బృందం రోగుల రక్తాన్ని పరీక్షించింది. నియంత్రణ కణాల లెక్క తగ్గలేదు. ఆరోగ్యవంతులకు ఉన్నన్నే ఉన్నాయి. కాని దాడి కణాలను అణచే సామర్థ్యం మాత్రం తగ్గింది. కావలివారు ఉన్నారు, కావలి లేదు! కొందరు రోగులలో దాడి కణాలే ఆ అదుపును లెక్కచేయడంలేదని తరువాతి పరిశోధనలు చూపాయి.

అయితే ఆ కణాలను పెంచితే సరిపోదా? అంత సులువు కాదు. ఈ సమతూకంలో చెయ్యి పెట్టడం ఎంత ప్రమాదమో డాక్లిజుమాబ్ అనే మందు చూపించింది. 2016లో అమెరికాలో అనుమతి పొందిన ఆ మందు జబ్బు తిరగబెట్టడాన్ని తగ్గించింది. అయినా కొందరికి మెదడులో తీవ్రమైన వాపు రావడంతో 2018లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆశ కలిగించే మాట కూడా ఒకటుంది. నియంత్రణ కణాలు దెబ్బతిన్న మైలిన్ తిరిగి ఏర్పడడానికి కూడా తోడ్పడుతున్నాయని 2017లో బెల్‌ఫాస్ట్ శాస్త్రవేత్తలు ఎలుకలలో కనుగొన్నారు. మనుష్యులకు అది మందుగా రావడానికి ఇంకా చాలా దూరముంది.

మొన్న మళ్ళీ వారింటికి వెళ్ళాను. "బలం చాలక కాదమ్మా, ఆ బలాన్ని ఆపేవి సరిగా పనిచేయక," అన్నాను. డాక్టరుగారు ఇచ్చే మందులలో చాలావరకు ఆ దాడిని తగ్గించడానికేనని కూడా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే నేను సరిగా తినకపోవడంవల్ల కాదన్నమాట," అంది. అత్తగారు లేచి, పొడి పొట్లం తెచ్చి, డాక్టరుగారికి చూపించడానికి ఆస్పత్రి కాగితాల సంచిలో పెట్టారు.