తోడు చుక్క

మండపేటలో రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఆఖరి పని పాలు తోడేయడం. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు కలిపి, మూతపెట్టి, కదపకుండా వదిలేస్తారు. ఆ చెంచాడు పెరుగుకి మన పెద్దలు పెట్టిన పేరు తోడు. సూక్ష్మజీవులంటే ఏమిటో తెలియని రోజుల్లో పుట్టిన మాట అది. అయినా ఎంత సరిగ్గా కుదిరిందో! పెరుగు మీద శాస్త్రజ్ఞులు బాగా చదివిన జంట స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గేరికస్. రెండోది పాలలోని మాంసకృత్తుల్ని విరిచి మొదటిదానికి మేత అందిస్తుంది. మొదటిది ఫార్మిక్ ఆమ్లం విడిచి రెండోదాన్ని ఎదగనిస్తుంది. విడివిడిగా వేస్తే ఇంత చురుగ్గా తోడుకోదు.

కానీ చాలాకాలం సూక్ష్మజీవుల్ని ఒంటరిగానే చదివారు. రాబర్ట్ కాక్ 1882లో క్షయ క్రిమిని పట్టింది అలా వేరుచేసే పద్ధతిలోనే. అది గొప్ప మేలు. అయితే మట్టిలో ఏ జీవీ ఒంటరిగా బతకదు. ఎవరు ఎవరికి తోడో తేల్చాలంటే లెక్క కొండంత అవుతుంది. 20 రకాల్ని జంటలు కడితే 190. ఒక్కో జంటకీ 40 రకాల ఆహారం పెట్టి చూడాలంటే 7,600. ఒకసారి చూస్తే నమ్మలేం కనుక ప్రతిదీ మళ్లీ మళ్లీ చేయాలి. పళ్లేల్లో పెంచుతూ కూర్చుంటే ఏళ్లు పడుతుంది.

అందుకే చుక్కను ప్రయోగశాల చేశారు. చారు మీద నూనె చుక్కలు తేలడం రోజూ చూస్తాం. ఇక్కడ అది తిరగబడుతుంది: నూనెలో నీటి చుక్కలు. అవి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా సబ్బులాంటి పదార్థం కాపు కాస్తుంది. ఒక్కో చుక్క నానోలీటరు మాత్రమే, అంటే మిల్లీలీటరు నీటితో పది లక్షల చుక్కలు. ఒక్కో చుక్కలో ఒక్కో రకం క్రిమి, దానికి గుర్తుగా రంగు. అమెరికాలో తయారైన కె-చిప్ అనే పలకలో సన్నని గుంటలుంటాయి. చుక్కలు వాటిలో ఎలా పడితే అలా సర్దుకుంటాయి. ఏ గుంటలో ఏది చేరిందో రంగును బట్టి సూక్ష్మదర్శినిలో గుర్తించి, విద్యుత్తుతో ఆ చుక్కల్ని కలిపేస్తారు. ఇక క్రిములు పెరిగాయా, నలిగాయా అన్నది చూడడమే.

2021లో ఈ పద్ధతిలో 20 మట్టి బ్యాక్టీరియాల మధ్య 1,80,408 సంబంధాలు కొలిచారు. మేలు చేసే సంబంధాలు అరుదన్న పాత నమ్మకం నిలబడలేదు. ఒంటరిగా ఎదగలేని రకాలకు, బాగా ఎదిగే రకం పక్కనుంటే 85 శాతం సార్లు ఊపిరి అందింది. చాలాచోట్ల ఒకటి లాభపడితే రెండోది నష్టపోయిందన్నదీ నిజమే.

మట్టిలో పోరూ ఉంటుంది. ఆ పోరులో పుట్టిన ఆయుధాన్ని మందుగా మార్చిన బృందానికి సారథి మన గోదావరివాడే. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పరిశోధనలు నడిపిన లెడర్లే సంస్థలో బెంజమిన్ డుగ్గర్ మట్టి సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ పట్టుకున్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అది. 1948లో లోకానికి తెలిసింది. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడే.

ఇప్పుడు మండపేట చేల గట్టున జీవామృతం డ్రమ్ము దగ్గర నిలబడి చూడండి. పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి, పిడికెడు గట్టు మట్టి. కర్రతో తిప్పుతుంటే నురగ పైకొస్తుంది. ఆ నురగ కింద ఏది దేనికి తోడు? సార్వా నీళ్లు నిలిచినప్పుడు ఏది గెలుస్తుంది, దాళ్వాకి ఏది మిగులుతుంది? రైతు నమ్మకంతో పోస్తున్నాడు. ఆ నమ్మకానికి లెక్క తోడు కావాలి.

స్వర్ణ వరిని, ఎంటీయూ 7029ని, ఇచ్చింది గోదావరికి అవతలున్న మారుటేరు. విత్తనం మీద పెట్టిన శ్రద్ధే డెల్టా మట్టిలోని ఈ సహవాసం మీదా పెట్టాలి. విశ్వవిద్యాలయాలు పూనుకోవాలి, విద్యార్థులు అడగాలి. పిడికెడు మట్టి ఇవ్వడానికి ఏ రైతూ కాదనడు.